తీజన్ బాయి భారతము: తంబూరా, లయ, కర్తృత్వము

తీజన్ బాయిని గూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది ఆమె కంఠముతోనే ప్రారంభింతురు. ఆ కంఠము కొంత బొంగురు. పురుషకంఠమునకు దగ్గరగా నుండును. మైదానము చివర కూర్చున్నవానికి సైతము స్పష్టముగా వినిపించును. పిమ్మట ఆమె నిలువబడి కథ చెప్పుటను గూర్చియు, ఆ పిమ్మట ఆమె పొందిన పురస్కారములను గూర్చియు వ్రాయుదురు. ఇవన్నియు నిజములే. కాని ఆమె భారతమును రెండు మూడు పర్యాయములు శ్రద్ధతో విన్నవానికి వేరొక సందేహము కలుగును. ఈమె చెప్పుచున్న భారతము ఎవరిది? వ్యాసునిదా, సబల్ సింగ్ చౌహానుదా, ఛత్తీస్‌గఢ్ పల్లెలదా, ఈమెదా? ఈ ప్రశ్నకు సమాధానము ఆమె కంఠములో లేదు, ఆమె లయలో నున్నదని నా అభిప్రాయము. మన సాహిత్య విమర్శకు లయను వినెడి అలవాటు తక్కువ గనుక ఆమెను మనము గాయని యందుము, జానపద కళాకారిణి యందుము. కవి యని మాత్రము అనము.

భిలాయి ఉక్కునగరమునకు సుమారు 14 కిలోమీటర్ల దూరమున గనియారి యను గ్రామము కలదు. 1956లో తీజన్ బాయి అచ్చట ఒక పార్ధీ కుటుంబమున జన్మించినది. అంతకు ముందటి సంవత్సరమే, 1955 ఫిబ్రవరిలో, భిలాయి కర్మాగారమును గూర్చి భారత సోవియట్ ప్రభుత్వముల నడుమ ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అచ్చటి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. అనగా ఆ బాలికయు, ఆ నగరమును ఒకే కాలమున పెరిగినవారు. ఇది చూచి, కర్మాగారపు మ్రోతలే ఆమె తాళమునకు మూలమని వ్రాయుట సులభము. చదువుటకును సొంపుగా నుండును. నేను దానిని నమ్మను. ఆమె లయ ఆ కర్మాగారము కంటె మిక్కిలి పాతది. మాతామహుడు బ్రిజ్‌లాల్ పాడుచుండగా విని ఆమె భారతమును నేర్చినది. తరువాత ఉమేద్ సింగ్ దేశ్‌ముఖ్ వద్ద కొంత శిక్షణ పొందినది. బడిచదువు లేదు. పండ్రెండవ యేట వివాహమైనది. ఆడుది పండవానీ పాడుట కులమువారికి సమ్మతము గాక ఆమెను వెలివేసిరి. చిన్న గుడిసె యొకటి వేసికొని, ఇరుగుపొరుగులను అడిగి వంటపాత్రలు తెచ్చుకొని, ఒంటరిగా బ్రతికినది గాని పాట మానలేదు. పదుమూడవ యేట చంద్రఖురి యను పొరుగూరిలో తొలి ప్రదర్శనము నిచ్చినది. ముట్టిన ప్రతిఫలము 10 రూపాయలు.

పండవానీ యనగా పాండవుల కథాగానము. గోండులకు ఆశ్రితులైన పర్ధానులును, దేవార్లును దీనిని తరతరములుగా పాడుచు వచ్చిరి. ఇందులో వేదమతి యనియు, కాపాలిక మనియు రెండు శాఖలు చెప్పబడుచున్నవి. ఈ పేళ్ళను గూర్చి కొంత గందరగోళము కలదు. వేదమతి యనగా కూర్చుండి పాడునది, కాపాలిక మనగా నిలువబడి అభినయించునది అని సామాన్యముగా చెప్పుదురు. కాని ఆ మాటల యర్థము వేరు. వేదమతి గ్రంథమును అనుసరించునది. ఆ గ్రంథము 17, 18 శతాబ్దుల నాడు సబల్ సింగ్ చౌహాన్ దోహా చౌపాయీలలో రచించిన మహాభారతము. కాపాలికము కపాలమందు, అనగా జ్ఞాపకమందు నిలిచియున్న దానిని అనుసరించునది. మొదటిది ఆసనభేదము, రెండవది ప్రమాణభేదము. ఒకడు కూర్చుండి జ్ఞాపకము నుండి చెప్పవచ్చును. వేరొకడు నిలువబడి గ్రంథమును అనుసరింపవచ్చును. ఈ రెండు భేదములు ఒకదానితో నొకటి కలిసిపోవుట వలన, తీజన్ బాయి చేసిన పని సైతము సగమే మనకు కనిపించినది. స్త్రీలు కూర్చుండి పాడెడి కాలమున ఆమె నిలువబడినదని అందరును మెచ్చుకొనిరి. గ్రంథమును వదలి జ్ఞాపకము నాశ్రయించిన ఒక స్త్రీ తన భారతమును తానే కూర్చుకొనుచున్నదన్న రెండవ సంగతి మరుగున పడినది.

తెలుగువానికి ఇది క్రొత్త సంగతి కారాదు. మన భారతమును రచించిన మువ్వురును దానిని మాటకు మాటగా తెనిగింపలేదు. తిక్కన విరాటపర్వముతో ప్రారంభించి పదునైదు పర్వములు వ్రాసెను. ఆ పర్వములందు కథ మూలమునదే యైనను, పాత్రలు మాటలాడెడి తీరు తిక్కనది. ద్రౌపది కీచకుని చేత అవమానింపబడి భీముని వంటయింటికి వచ్చిన రాత్రిని తలచుకొన్నచో, సంభాషణయందు ఎక్కడ ఆగవలెనో ఎరిగిన కవి యెవడో తెలియును. మాట నడుమ మౌనమును ఉంచుట తిక్కన గొప్పదనములలో ఒకటి. మనము దానిని నాటకీయత యని మెచ్చుకొందుము, అది వ్రాతలో నున్నది గనుక. అదే మౌనమును ఒక పార్ధీ స్త్రీ వేదికపై ఉంచినచో దానిని ప్రదర్శన చాతుర్యమందుము. ఈ రెండు కొలతలు న్యాయమేనా యని నా ప్రశ్న.

కొన్ని సంవత్సరముల క్రిందట భిలాయిలో ఒక రాత్రి నేను ఆమె కథ వింటిని. ఆంధ్రదేశము నుండి వచ్చి కర్మాగారపు కొలువులలో స్థిరపడిన కుటుంబములు ఆ నగరమున అనేకము కలవు. నా ప్రక్కన శ్రీకాకుళమువాడైన ఒక వృద్ధ కార్మికుడు కూర్చుండెను. కథ ప్రారంభమైన కొంతసేపటికి ఆయన నావైపు వంగి, “మన బుర్రకతే గదా బాబూ. వంతోడు మాత్రం ఒక్కడే” అనెను. ఆ మాట నాకు ఎంతయో మేలు చేసినది. ఛత్తీస్‌గఢీ భాష నాకు సగమే అర్థమగును. కాని బుర్రకథ విన్నవాడు వినుట ఎట్లో ఎరుగును.

వేదికపై హార్మోనియము, తబలా, ఢోలకు, మంజీరములు ఒక వరుసలో నుండినవి. ముందు ఆమె యొక్కతే నిలిచియుండెను. ఒక చేత నెమలిపింఛములు కట్టిన తంబూరా, రెండవ చేత కరతాళము. ఈ తంబూరాను చూచి మనవారు శ్రుతి కొరకని యనుకొందురు. శ్రుతికి హార్మోనియము కలదు. తంబూరా ఆమె చేతిలో ప్రధానముగా తాళసాధనము. ఒక్క తీగెపై వ్రేలు పడును, వెంటనే కరతాళము మోగును, ఆ రెండింటి నడుమ కాలి దెబ్బ. ఈ మూడు దెబ్బల నడుమ నుండు ఖాళీలను ఆమె పెంచుచు తగ్గించుచు కథ నడుపును. ఇంతలో ఆ తంబూరాయే భుజము పైకి లేచి భీముని గద యగును. అడ్డముగా పట్టినచో అర్జునుని ధనుస్సు. వంచినచో ద్రౌపది కేశపాశము. వస్తువును మార్చి చూపుటలో గొప్ప లేదు, పల్లెటూళ్ళలో పిల్లలును కఱ్ఱను గుఱ్ఱము చేయుదురు. గొప్ప యెక్కడనగా, తంబూరా గదగా మారినంతసేపు తీగె మ్రోయదు. అనగా గద లేచినపుడెల్ల సంగీతమున ఒక పాయ ఆగిపోవును. శ్రోత చెవికి ఏదో తగ్గినట్లు తోచును. ఆ తగ్గుదలయే భయము. గద దిగి మరల తంబూరా యైనపుడు తీగె మ్రోగును. ఊపిరి తిరిగి వచ్చును. దీనిని ఆమె యెవరి గ్రంథమునందును చదివి నేర్వలేదు. ఏ గ్రంథమందును అది లేదు.

ఆనాటి కథ దుశ్శాసన వధ. ఆమె పేరు చెప్పినంతనే శ్రోతలకు జ్ఞప్తికి వచ్చు ఘట్టము. సభలో ప్రతిజ్ఞ, యుద్ధభూమిలో దాని చెల్లుబాటు, ఈ రెండింటి నడుమ పదునాలుగు సంవత్సరముల కాలము. వ్యాసభారతమందు ఈ నడిమి కాలమును పర్వములు నింపును. ఒక రాత్రి కథ చెప్పువారికి పర్వముల వెసులుబాటు లేదు. ఆమె చేసిన ఉపాయమును వినుడు. ప్రతిజ్ఞ ఘట్టమున ఒక నడక పట్టినది. వేగము తక్కువ, దెబ్బ బరువు. పిమ్మట కథ ఎన్నో మలుపులు తిరిగినది, లయ ఎన్నో మారులు మారినది, హాస్యము వచ్చిపోయినది. దుశ్శాసనుడు భీమునికి చిక్కిన క్షణమున హఠాత్తుగా ఆ మొదటి నడక మరల వచ్చినది. ప్రతిజ్ఞను ఒక్క మాటతోనైనను ఆమె గుర్తుచేయలేదు. కాలి దెబ్బయే గుర్తుచేసినది. నా ప్రక్కనున్న వృద్ధుడు “ఆఁ, వచ్చిందిరా” అని మెల్లగా అనెను. కవి పద్యమున ఒక శబ్దమును రెండు తావులందు ఉంచి దూరపు ఘట్టములను ముడివేసినచో మనము వ్యాఖ్యానములు వ్రాయుదుము. ఇది అట్టి ముడియే.

ఇక వెనుక కూర్చున్నవారిని గూర్చి చెప్పవలెను. పండవానీలో కథకుని మాటకు మాట కలుపు సహాయకుని రాగీ యందురు. “హవ్” అని ఊకొట్టుట, సందేహమడుగుట, ఆశ్చర్యపడుట అతని పని. మన బుర్రకథలో ఈ పని ఇద్దరు వంతలది: ఒకడు హాస్యము, ఒకడు రాజకీయము, ఇద్దరి చేతులయందును గుమ్మెటలు. కథకుని భుజమున తంబూరా, వ్రేళ్ళకు అందెలు. షేక్ నాజరుగారు (1920-1997) పల్నాటి యుద్ధము చెప్పినపుడు ఆ గుమ్మెటల మ్రోత లేనిచో కథ సగము చచ్చెడిదని విన్నవారు ఎరుగుదురు. వెనుకనుండి లయ నిచ్చువాని చరిత్రను వ్రాయుట అన్ని దేశములందును కష్టమే. ఇంగ్లండులో ఫిల్ సీమన్ (1926-1972) అను జాజ్ డ్రమ్మరు ఉండెను. 1960లో జో హారియట్ అను జమైకా సాక్సొఫోను విద్వాంసుని స్వేచ్ఛారూప సంగీతపు రికార్డులో ఆయన వాయించెను. డ్రమ్ము కాలమును లెక్కించుట మాని, ముందున్నవానితో వాదమునకు దిగుట ఎట్టిదో అందు వినవచ్చును. కాని ఆయన కళాజీవితము అధికముగా ఇతరుల పేళ్ళుగల రికార్డులలోనే చెదరిపడియున్నది. రాగీలకు ఆ మాత్రపు జాడయు లేదు. తీజన్ బాయి వెనుక వాయించిన తబలావారిని, ఢోలకువారిని గూర్చి వ్యాసములలో పేళ్ళైనను కనిపించుట అరుదు.

అయితే ఒక భేదము. సీమన్ వలె ముందున్నవానిని వెనుకనుండి కదలించుట రాగీ వంతు కాదు. ఇచ్చట ముందు నిలిచినదే లయకు అధికారిణి. ఆమె తంబూరా దెబ్బతో తబలాను ఆపును, కాలితో మరల లేపును. గద యెత్తిన భీముడు దెబ్బ వేయకముందు, సమస్తమును ఆగిన వేళ, ఆమె రాగీవైపు తిరిగి ఇంటిమాట యేదో అడిగినది, జనము నవ్విరి, నవ్వు ముగియకముందే దెబ్బ పడినది. నవ్వు, వధ ఒకే ఊపిరిలో. ఈ నిర్భయము నన్ను కలవరపెట్టినది. భట్టనారాయణుని వేణీసంహారమందు దుశ్శాసన రక్తము గంభీరమైన వస్తువు. అచ్చట నవ్వునకు తావులేదు. ఈమె భారతమున భీముడు పల్లెవాడు, తిండిపోతు, మొఱటువాడు, అందరికంటె నమ్మదగినవాడు. పండవానీకి నాయకుడు అర్జునుడు గాదు, భీముడు. ఆ నాయకుని క్రోధమును నవ్వునకు ప్రక్కనే ఉంచుటవలన అతడు మన ఇంటివాడుగానే యుండి భయంకరుడగును.

ఇప్పుడు నిలువబడుటను గూర్చి. ఆమె నిలువబడుటను సాంఘిక సాహసమనియే చెప్పుచుందురు. అది సాహసమే, వెలి యనుభవించిన స్త్రీ చేసిన సాహసము. కాని కళాదృష్టితో చూచినచో అది అవసరము. కూర్చున్నవారి లయ చేతిలోనే యుండును. మోకాళ్ళపై నిలిచినచో నడుము వరకు వచ్చును. పాదము నేలను తాకినచో గాని ఆమె చెప్పదలచిన భీముడు రాడు. వేదిక ఈ చివరనుండి ఆ చివరకు ఆమె నడచు నడకలో ఎన్ని అడుగులో అన్ని మాత్రలు. రథము వచ్చినదనుటకు ఆమె మాట వాడదు, అడుగులు వాడును. ఈ సంగతి గుర్తింపక ఆమె నిలువబడుటను మెచ్చుకొనుట, కవి ఎఱ్ఱసిరాతో వ్రాసెనని మెచ్చుకొనుట వంటిది.

ఆమె కీర్తి వ్యాపించిన క్రమమును త్వరగా చెప్పి ముగింతును, అది అందరెరిగినదే. ఛత్తీస్‌గఢ్ పల్లె నటులతో నాటకములాడించిన హబీబ్ తన్వీర్ ఆమెను గుర్తించెను. ఇందిరాగాంధీ యెదుట పాడినది. శ్యామ్ బెనెగల్ దూరదర్శన్ కొరకు తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’ (1988) ద్వారా ఆమె భారతము దేశమంతటి యిండ్లకు వచ్చినది. 1995లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 2003లో పద్మభూషణ్, 2018లో జపానువారి ఫుకువోకా పురస్కారము, 2019లో పద్మవిభూషణ్. నడుమ భిలాయి ఉక్కు కర్మాగారము ఆమెకు కొలువిచ్చినది. ఈ చివరి సంగతిని నేను తక్కువగా చూడను. పాత కాలమున పర్ధానునకు గోండు గృహస్థు దాత. ఆ దాతలు పేదవారైన పిమ్మట పాటకు అన్నము పెట్టువాడు కరవాయెను. నెలజీతమను పదార్థము ఒక స్త్రీకి, అందును వెలివేయబడిన స్త్రీకి, ఎట్టి స్వాతంత్ర్యమో వేరుగ చెప్పనక్కరలేదు. రాజాస్థానమున పోషింపబడిన కవులను గూర్చి మనము సిగ్గుపడము గదా.

కాని వేదికలు ఆమెకు పెట్టిన షరతును గూర్చి మాత్రము సిగ్గుపడవలెను. పండవానీ రాత్రుల తరబడి సాగెడి కథ. ఉత్సవ నిర్వాహకులు ఆమెకు ఇచ్చెడి కాలము తరచుగా అరగంట, గంట. అరగంటలో ఆమె యేమి చెప్పగలదు? దుశ్శాసన వధ చెప్పగలదు, ద్రౌపదీ వస్త్రాపహరణము చెప్పగలదు. గద యెత్తి నిలిచిన ఛాయాచిత్రము ఆ అరగంటలో దొరకును; అంతకంటె ఎక్కువ యెవరును కోరలేదు. తరువాతి కాలపు ముద్రణములు కొన్నింటిలో, ఆమెపై గల గౌరవముతోనే చెప్పుచున్నాను, భంగిమ పెరిగి కథ తరిగినది. నేను పైన వర్ణించిన ముడి, అనగా ప్రతిజ్ఞ నడక చాలసేపటికి మరల తిరిగి వచ్చుట, అరగంటలో సాధ్యము గాదు. విడిచిన దారమును పట్టుకొనుటకు దూరము కావలెను. దూరము లేనిచోట మొదటి దెబ్బ, చివరి దెబ్బ ప్రక్కప్రక్కనే పడును. అది ఉత్సాహము గలిగించును, జ్ఞాపకము కలిగింపదు. జ్ఞాపకము పేరిట నిలిచిన శాఖకు జ్ఞాపకమునకు చోటులేని వేదిక నిచ్చితిమి. ఇందులో తప్పు ఆమెది కాదు. అయినను, శ్రోతలు కేకలు వేసెడి భంగిమకు ఆమెయు కొంత లొంగినదని నా కనిపించును. మరొకరు వేరుగా తలపవచ్చును.

నాజరుగారికిని ఇదే ఆపద కలిగినది గాని ఆయనకు ఒక రక్ష ఉండెను. ఆయన బుర్రకథలు వ్రాతలో నున్నవి. ‘పింజారి’ యను పేరుతో ఆయన ఆత్మకథయు గ్రంథమైనది. వేదికపై కథ ఎంత కత్తిరింపబడినను, చదువుకొనుటకు పూర్తి పాఠము మిగిలినది. ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథలను తామే రచించి అచ్చువేయించిరి గనుక ఆయనను కవి యనుటకు ఎవరికిని సంకోచము లేదు. తీజన్ బాయి పాఠము ఆమె జ్ఞాపకమందు, ఆమె దేహమందు నున్నది. దానిని వ్రాయబూనినవాడు మాటలను మాత్రము వ్రాసినచో ఏమియు వ్రాయనట్లే. ఎక్కడ తీగె ఆగినదో, ఎన్ని అడుగులు నడిచినదో, రాగీ ఏ అక్షరము మీద అడ్డుతగిలెనో, ఏ నడక ఏ నడకకు జవాబో అదియు గుర్తింపవలెను. సంగీతజ్ఞులు మృదంగపు జతులను వ్రాసికొనుటకు మార్గము కనుగొనిరి. సాహిత్యజ్ఞులు కథకుని మౌనమును వ్రాసికొనుటకు మార్గము కనుగొనలేకపోవుట అసమర్థతయా, అనాదరమా? ఒక సర్గయైనను, ఒక రాత్రి కథయైనను అట్లు పూర్తిగా వ్రాయబడి, తెలుగు భారతముతోను, చౌహాన్ భారతముతోను ప్రక్కప్రక్కన ఉంచి చదువబడవలెను. ఆ పనికి ఛత్తీస్‌గఢీ ఎరిగిన తెలుగువారు భిలాయిలో దొరకుదురు. అచ్చట పుట్టి పెరిగిన రెండవతరపు పిల్లలకు ఆ రెండు భాషలును ఇంటిభాషలే.

భిలాయి ప్రాంతముననే ఆమె తరువాతివారు కలరు. ఋతు వర్మ వేదమతి ననుసరించి మోకాళ్ళపై కూర్చుండి పాడును. ఆమె లయ సూటిగా, శుభ్రముగా నుండును. ఆమెను విన్న పిమ్మట తీజన్ బాయి ఖాళీలు ఎంత పెద్దవో తెలియును. ఉషా బార్లే తీజన్ బాయి శిష్యురాలు, కాపాలికమున నిలిచినది. 2023లో పద్మశ్రీ పొందినది. గురువు తంబూరా పట్టిన విధము శిష్యురాలి చేతికి వచ్చినది. అడుగులు మాత్రము వేరు: గురువు ఆగెడి చోట ఈమె నడచును.